పైపు పూడ్చాక పొలం మళ్లీ పొలమవుతుందా?

రామాయపట్నం దగ్గర రిఫైనరీ వస్తుందన్న మాట పుట్టినప్పటి నుంచి మా వైపు టీ అంగళ్లలో రెండే లెక్కలు నడుస్తున్నాయి. భూమి రేటెంత, ఉద్యోగాలెన్ని. 2024 డిసెంబరులో ప్రభుత్వ రంగ చమురు సంస్థ బీపీసీఎల్ బోర్డు ఆంధ్ర తీరంలో కొత్త రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్సు ముందస్తు పనులకు రూ.6,100 కోట్లు ఖర్చు చేయడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత రామాయపట్నం పేరు, ఏటా 90 లక్షల నుంచి 120 లక్షల టన్నుల సామర్థ్యం, ఆరు వేల ఎకరాల స్థలం అంటూ ఒక్కొక్క అంకే పత్రికల్లోకి వచ్చింది. కానీ రిఫైనరీ అంటే ప్రహరీ గోడ లోపలి యంత్రాలు మాత్రమే కాదు. ఓడలోంచి ముడిచమురు లోపలికి రావాలి. పెట్రోలు, డీజిలు, గ్యాసు బయటికి పోవాలి. ఆ రాకపోకలు ఎక్కువగా పైపుల్లోనే జరుగుతాయి, పైపులు పోయేది ఊళ్ల పొలాల కిందే.

రిఫైనరీ సంగతి పక్కన పెట్టినా ఈ తీరానికి పైపులైన్ల మాట కొత్త కాదు. చెన్నై దగ్గరి ఎన్నూరులో 2019లో ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజ వాయువు) టెర్మినల్ మొదలైంది. ఎన్నూరు–నెల్లూరు, కాకినాడ–విజయవాడ–నెల్లూరు గ్యాస్ లైన్ల పేర్లు పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ బోర్డు జాబితాల్లో ఏళ్లుగా ఉన్నాయి. గ్యాస్ లైను అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో జరిగిన పేలుడు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ భయానికి కారణం ఉంది, దాని గురించి విడిగా రాయాల్సిందే. ఈ వ్యాసం మాత్రం అంతకంటే ముందు దశ గురించి. లైను వేసేటప్పుడు మట్టికి, నీటికి, చెట్టుకు, పక్షికి ఏమవుతుంది, ఆ నష్టంలో ఎంత తప్పించవచ్చు, ఎంత తప్పించలేం అన్నదే ఇక్కడి ప్రశ్న.

భూమి మీదే, హక్కు సగమే: మాటల అర్థాలు

పైపులైన్లన్నీ ఒకటి కావు. వంటింటికి వచ్చే గ్యాస్ పైపులో ఒత్తిడి 21 మిల్లీబార్లు. ఊళ్లు, జిల్లాలు దాటి పోయే పెద్ద లైన్లను ట్రంక్ లైన్లంటారు. వాటిలో గ్యాస్ ఒత్తిడి 90 బార్ల దాకా కూడా ఉంటుంది. ఇంటి పైపు కంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ. ఇంటి లైనుకు వీధి పక్కన సన్నని కాలువ చాలు. ట్రంక్ లైనుకు పొలాల మధ్య ఒక రోడ్డంత పట్టీ కావాలి. మనం మాట్లాడుకునేది ఈ రెండో రకం గురించి.

రెండో మాట ఆర్‌ఓయూ. రైట్ ఆఫ్ యూజర్ అంటే భూమిని కొనకుండా వాడుకునే హక్కు. ఇది 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం నుంచి వచ్చింది. రోడ్డుకో పోర్టుకో భూమి తీసుకుంటే పట్టా పోతుంది. పైపులైనుకు పట్టా రైతు పేరునే ఉంటుంది. కింద పైపు వేసుకునే హక్కు మాత్రం ప్రభుత్వం ద్వారా కంపెనీకి పోతుంది. పని అయ్యాక రైతు మళ్లీ పంట వేసుకోవచ్చు. అయితే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అదే చట్టం పైపును మీటరు కంటే తక్కువ లోతులో వేయకూడదంటుంది. నివాస స్థలం కింద, పక్కా కట్టడం కింద, ఇంటిని ఆనుకుని ఉన్న పెరడు కింద వేయకూడదనీ అంటుంది.

పరిహారంలో రెండు భాగాలుంటాయి. పని వల్ల పాడైన పంటకు, చెట్లకు, ఇతర నష్టాలకు ఇచ్చేది ఒకటి. భూమి వాడుకున్నందుకు ఇచ్చేది రెండోది, అది నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. రైతుకు, కంపెనీకి మధ్య వచ్చే గొడవల్లో చాలా భాగం ఈ 10 శాతం చుట్టూనే తిరుగుతాయి.

కిలోమీటరుకు ఐదెకరాలు

లైను వేసే తీరు ఇలా ఉంటుంది. ముందు సర్వే రాళ్లు పాతుతారు. ఆ పట్టీలోని చెట్లు, గట్లు తీసేసి చదును చేస్తారు. పన్నెండు మీటర్ల పైపులను వరసగా పరుస్తారు, అవసరమైన చోట వంచుతారు, వెల్డింగ్ చేసి ప్రతి అతుకునూ ఎక్స్‌రే లాంటి పరీక్షతో చూస్తారు. కందకం తవ్వి, పైపును దించి, పూడుస్తారు. చివర్లో నీళ్లు నింపి ఒత్తిడి పరీక్ష చేస్తారు. ఇదంతా ఒక్క చోట నిలిచి జరిగే పని కాదు. రైలు పెట్టెల్లా ఒక బృందం వెనక ఒకటి పొలాల మీదుగా కదులుతూ పోతుంది.

24 అంగుళాల గ్యాస్ లైను తీసుకుందాం. పట్టీ వెడల్పు 20 మీటర్లనుకుందాం. కిలోమీటరుకు 20 వేల చదరపు మీటర్లు, అంటే దాదాపు 4.9 ఎకరాలు. కందకం వెడల్పు చూస్తే మీటరే. మిగతా 19 మీటర్లు దేనికి? తవ్విన మట్టి పోసుకోవడానికి, పైపులు పరుచుకోవడానికి, పైపులెత్తే యంత్రాలు నడవడానికి. నిజానికి నష్టం ఎక్కువగా జరిగేది ఈ 19 మీటర్లలోనే. కాబట్టి నష్టం తగ్గించే మొదటి మార్గం పట్టీని కుదించడం. చెట్లున్న చోట, చిత్తడి నేలల్లో 12 మీటర్లకు తగ్గిస్తే కిలోమీటరుకు మూడెకరాల లోపే అవుతుంది. కానీ పని ఇరుకవుతుంది. మట్టిని దూరంగా మోసుకుపోయి మళ్లీ తేవాలి, పైపులు ఒక్కొక్కటే తెచ్చి అతకాలి. పని నిదానిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే కుదింపు అంతటా కాకుండా ఎంచుకున్న చోట్లలోనే జరుగుతుంది. ఆ చోట్లు ఏవన్నది ఎవరు తేలుస్తారు అన్నదే అసలు బేరం.

పైమన్ను, అడుగుమన్ను

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పైపులైను మిగిల్చిపోయే దెబ్బల్లో ఎక్కువ కాలం నిలిచేది ఇదే. అందరికంటే తక్కువ మాట్లాడుకునేదీ దీని గురించే.

కొన్నేళ్ల కిందట మా మామ వాళ్ల పొలంలో ఒక లైను పోయింది. మా వైపు వరి మడిని కయ్య అంటాం. రెండు కయ్యల్ని ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. డబ్బు సమయానికే వచ్చింది, పూడ్చడమూ త్వరగానే అయింది. మొదటి ఏడు నాట్లు వేశాక చూస్తే పొలం మధ్యలో పసుపుపచ్చ చార ఒకటి కనిపించింది. సర్వే మ్యాపు అక్కర్లేదు, గట్టు మీద నిలబడి చూస్తే లైను ఎటు పోయిందో చెప్పేయొచ్చు. మామ గునపం తెచ్చి చారకు బయట గుచ్చాడు, మూరెడు దిగింది. చారలో గుచ్చితే జానెడు దిగి ఆగిపోయింది. "పైమన్ను అడుక్కి పోయింది, అడుగుమన్ను పైకొచ్చిందిరా. ఆ పైన బండ్లు తిరిగి తొక్కేసినాయి" అన్నాడు. జరిగింది సరిగ్గా అదే.

మన నల్లరేగడి పొలంలో పైన జానెడు, జానెడున్నర మట్టిలోనే సేంద్రియ పదార్థం, వేళ్లు, సూక్ష్మజీవులు ఉంటాయి. ఏళ్ల తరబడి తోలిన పేడ ఎరువంతా అందులోనే. దాని కింద బంకమట్టి, ఇంకా కింద సున్నపు గడ్డలు, తీరానికి దగ్గరైతే ఉప్పు తేరిన మట్టి. కందకం తవ్వే యంత్రం తొట్టెకు ఈ తేడా తెలియదు. మీటరున్నర లోతు నుంచి ఎత్తి అంతా ఒకే కుప్పగా పోస్తుంది. తిరిగి పూడ్చేటప్పుడు ఆ కుప్పనంతా కలగాపులగంగా కందకంలోకి నెట్టేస్తారు. అలా సున్నపు మట్టి పైకి చేరుతుంది.

దీనికి మందు చాలా పాతది, ఖరీదు కూడా తక్కువ. పైమట్టిని ముందుగా విడిగా తీసి ఒక పక్క పోయాలి. అడుగుమట్టిని ఇంకో పక్క పోయాలి. పూడ్చేటప్పుడు అడుగుది ముందు, పైది చివర. 20 సెంటీమీటర్ల మందాన 10 మీటర్ల వెడల్పున తీస్తే కిలోమీటరుకు 2,000 ఘనపు మీటర్ల మట్టి. రెండు కుప్పల మధ్య జాగా కావాలి. చూశారా, పట్టీ కుదించాలన్న కోరికకు, మట్టి విడిగా పెట్టాలన్న కోరికకు ఇక్కడే పేచీ వస్తుంది. అందుకే కొందరు ఇంజనీర్లు కందకం మీది పైమట్టి మాత్రం తీస్తే చాలంటారు. వ్యవసాయం తెలిసినవాళ్లు యంత్రాలు నడిచే మేరంతా తీయాలంటారు, లేకపోతే మంచి మట్టి చక్రాల కింద నలిగిపోతుందని. పొడి ఇసుక నేలల్లో మొదటి మాటకు బలముంది. మాగాణిలో రెండో మాటే సరైనది.

తొక్కుడు సంగతి ఇంకొకటి. ఒక్కో 24 అంగుళాల పైపు ముక్క దాదాపు 1.7 టన్నులుంటుంది. దాన్ని ఎత్తే యంత్రం పదుల టన్నులుంటుంది. తడి నల్లరేగడి మీద అది నాలుగుసార్లు పోతే మట్టిలోని గాలి గదులు మూసుకుపోతాయి. మామూలు దుక్కితో ఆ గట్టిపొర విడిపోదు, లోతు దుక్కి నాగలితో కింద నుంచి చీల్చాలి. ఆ తర్వాత జీలుగో జనుమో వేసి కలియదున్నాలి. అడుగుమట్టి చౌడు కలిసినదైతే జిప్సం కూడా వేయాలి. ఇవన్నీ మన రైతులకు తెలిసిన పనులే. ఎవరి ఖర్చుతో చేయాలన్నది మాత్రం ఒప్పందంలో స్పష్టంగా ఉండదు.

పూడ్చాక మిగిలే మట్టి లెక్క కూడా చూద్దాం. పైపు ఆక్రమించిన జాగా మేరకు మట్టి మిగులుతుంది. 24 అంగుళాల లైనుకు కిలోమీటరుకు 290 ఘనపు మీటర్లకు పైమాటే. దాన్ని కందకం మీద కుప్పగా వదిలితే వానకు సర్దుకుని కుంగుతుందని ఇంజనీర్లు గట్టులా ఎత్తు పెడతారు. మెట్టలో అది సరే. వరి కయ్యలో జానెడు గట్టు ఉన్నా పై మడి నీళ్లు కింది మడికి పోవు. గట్టు పెట్టకపోతే ఒక వానాకాలం తర్వాత అదే చోట గుంట పడుతుంది. పొరలు పొరలుగా వేసి కొద్ది కొద్దిగా అదుముతూ పూడిస్తే రెండు బాధలూ తగ్గుతాయి. ఒక ఏడాది తర్వాత మళ్లీ వచ్చి చదును చేయడం కూడా పనిలో భాగంగా ఉండాలి. తెగిన పంట బోదెను అదే వాటంతో మళ్లీ కలపడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, అది మరిచిపోతే లైనుతో ఏ సంబంధమూ లేని కింది రైతుకు ఒక పంట పోతుంది. అతనికి పట్టీలో భూమి ఉండదు కాబట్టి పరిహారం జాబితాలో పేరు చేర్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

ఉలవపాడు మామిడి తోటలో వంద మీటర్లు

మాగాణికి మందుంది. తోటకు అంత సులువైన మందు లేదు. ఉలవపాడు పరిసరాల్లో ఒక మామిడి తోటను ఊహించుకుందాం. చెట్టుకు చెట్టుకు పది మీటర్ల దూరం. 20 మీటర్ల పట్టీ అందులో వంద మీటర్ల మేర పోయింది. విస్తీర్ణం 2,000 చదరపు మీటర్లు, అంటే 49 సెంట్లు. పోయే చెట్లు సుమారు 20.

ఎకరా మార్కెట్ విలువ రూ.20 లక్షలనుకుంటే 49 సెంట్ల విలువ రూ.9.8 లక్షలు, అందులో 10 శాతం రూ.98 వేలు. దీనికి తోడు 20 చెట్ల విలువ. చెట్టు విలువ దాని వయసు, కాపు చూసి కడతారు. ఇక్కడ రైతు అడిగే ప్రశ్న ఒక్కటే: వరి రైతు వచ్చే ఏడు మళ్లీ వరి వేసుకుంటాడు, నేను ఆ పట్టీలో ఇక ఎప్పటికీ మామిడి వేయలేను కదా, ఇద్దరికీ అదే 10 శాతమా? కంపెనీ వైపు సమాధానం, చెట్టు విలువలోనే దాని రాబోయే కాపు కూడా చేరి ఉంటుందని, పట్టీలో కూరగాయలో వేరుశనగో వేసుకోవచ్చని. రెండు వాదాల్లోనూ నిజముంది. తోట యజమానికి పోయేది చెట్టు మాత్రమే కాదు, ఆ నేల మీద చెట్టు పెంచే హక్కు కూడా. చట్టం ఆ తేడాను పట్టించుకునేలా రాసి లేదు.

అందుకే తోటల విషయంలో అసలు తగ్గింపు దారి మార్పుతోనే వస్తుంది. లైను గీత ఇంకా కాగితం మీద ఉండగానే రెండు వందల మీటర్లు పక్కకు జరిపి బీడు మీదుగానో రోడ్డు వెంటో తీసుకుపోతే ఇరవై చెట్లూ మిగులుతాయి. వంపు పెరిగితే పైపు పొడవు పెరుగుతుంది. 24 అంగుళాల పైపు కిలోమీటరుకు 140 టన్నుల దాకా ఉక్కు పడుతుంది కాబట్టి వంపు కూడా ఊరికే రాదు. ఉక్కు తయారీలో వెలువడే కార్బన్ కూడా పర్యావరణ లెక్కలోదే. అయినా వంద మీటర్ల అదనపు ఉక్కుకూ ఇరవై కాపు చెట్లకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, నా మటుకు నాకు చెట్ల వైపే మొగ్గు.

ఏరు దాటేటప్పుడు

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే ఏ లైనైనా గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు, పెన్నా, కండలేరు లాంటి ఏర్లలో కొన్నింటిని దాటాల్సిందే. తీరానికి దగ్గరగా పోతే బకింగ్‌హాం కాలువ కూడా అడ్డొస్తుంది.

దాటడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. మొదటిది, ఎండిన కాలంలో ఇసుకలో నేరుగా కందకం కోయడం. మన్నేరు లాంటి ఏరు ఏడాదిలో చాలా నెలలు ఎండే ఉంటుంది కాబట్టి ఇది చవక, త్వరగా అవుతుంది. రెండోది హెచ్‌డీడీ (హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్). ఈ ఒడ్డున యంత్రం పెట్టి, నది అడుగుకు చాలా కింద వంపుగా సన్నని బెజ్జం వేసి అవతలి ఒడ్డున తేలుస్తారు. ఆ బెజ్జాన్ని వెడల్పు చేసుకుంటూ వచ్చి చివర్లో వెల్డింగ్ చేసిన పైపు మొత్తాన్ని ఒకేసారి లాగుతారు. నది పైన గీత కూడా పడదు.

హెచ్‌డీడీ అంటే నష్టమే లేదనుకోవడం పొరపాటు. బెజ్జం కూలిపోకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన చిక్కటి నీటిని ఒత్తిడితో పంపుతూ ఉంటారు. పైన నేల వదులుగా ఉంటే అది పగుళ్ల గుండా నది అడుగుకో పొలంలోకో ఉబికి వస్తుంది. బెంటొనైట్ విషం కాదు, కానీ నీటిలో కలిస్తే చేప మొప్పలకు, అడుగున బతికే జీవాలకు ఊపిరాడదు. తిరిగి రావాల్సిన బురద తగ్గినా, ఒత్తిడి ఒక్కసారిగా పడినా పని ఆపడమే దీనికి ముందు జాగ్రత్త. ఇంకో సంగతి, 800 మీటర్ల దాటుడు అంటే అవతలి ఒడ్డున దాదాపు 800 మీటర్ల పొడవున పైపును తిన్నగా పరచి ఉంచాలి. నదిని కాపాడిన పద్ధతి ఆ ఒడ్డు పొలాన్ని కొన్ని వారాలు ఆక్రమిస్తుంది.

ఏ ఏటికి ఏది అన్నది ఒక్క సూత్రంతో తేలదు. ఎండిన చిన్న ఏటికి, వేసవిలో పది రోజుల్లో ముగించే పనికి, కందకమే మేలు కావచ్చు. పెన్నా దగ్గర మాత్రం ఇంకో లెక్క చేరుతుంది. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు ఆగాయి. వరద నీరు నది అడుగును కూడా కోస్తుంది. పైపు మీద నిన్న రెండు మీటర్లున్న ఇసుక కప్పు వరద తర్వాత అరమీటరు కావచ్చు. ఇసుక తవ్వకాలు జరిగే చోట వరద రాకుండానే అడుగు దిగిపోతుంది. అందుకే ఈ రోజు ఇసుక మట్టం నుంచి కాదు, పెద్ద వరద ఎంత లోతు కోయగలదో అక్కడి నుంచి లోతు కొలవాలి.

దొరువు నీళ్లు ఉప్పయ్యేదెప్పుడు

తీరం వెంట ఇసుక నేలల్లో తవ్వే లోతు లేని నీటి గుంటలు, అంటే దొరువులు ఎరిగినవారికి ఈ భాగం వెంటనే అర్థమవుతుంది. ఇసుకలో నిలవున్న వాన నీరు, కిందున్న ఉప్పునీటి మీద పలచని మంచినీటి పొరగా తేలుతూ ఉంటుంది. దొరువు లోతు తవ్వరు. లోతు పోతే ఉప్పు తగులుతుందని పెద్దలకు తెలుసు.

భూగర్భ శాస్త్రం దీనికో లెక్క చెబుతుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరుంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. కాబట్టి పైన 10 సెంటీమీటర్లు తగ్గితే కింద ఉప్పు హద్దు కాలక్రమంలో 4 మీటర్లు పైకి జరుగుతుంది. ఇసుకలో కందకం తవ్వితే నీరూరుతుంది. పైపు దించడానికి ఆ నీటిని మోటార్లతో తోడి పారబోస్తారు. రెండు రోజులు తోడితే ఏమీ కాదు. వెల్డింగ్ ఆలస్యమై అదే చోట నెల రోజులు తోడితే పక్కన ఉన్న దొరువుకు ఉప్పు రుచి రావచ్చు. ఇక్కడ తగ్గింపు అంటే కందకాన్ని చిన్న చిన్న ముక్కలుగా తెరిచి వెంటనే మూయడం, తోడిన నీటిని కాలువలో కలిపేయకుండా అదే ఇసుకలో కొంత దూరంలో ఇంకనివ్వడం. పనికి ముందు, తర్వాత దొరువు నీటిలో ఉప్పు కొలిచి రాసిపెట్టుకుంటే ఎవరి మాట నిజమో వాదించుకోవాల్సిన పనుండదు.

పరీక్షకు కావలసిన నీళ్లు

పైపు వేశాక నీళ్లు నింపి, నడిచే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. 24 అంగుళాల పైపులో కిలోమీటరుకు సుమారు 273 ఘనపు మీటర్లు పడతాయి. 20 కిలోమీటర్ల ముక్కకు 54 లక్షల లీటర్లకు పైగా. ఒకెకరా వరికి ఐదు సెంటీమీటర్ల తడి పెట్టాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి, కాబట్టి ఇది 27 ఎకరాలకు ఒక తడి. వానాకాలంలో పెన్నా నుంచి తీసుకుంటే ఎవరికీ తెలియదు. మేలో ఊరి చెరువు నుంచి తీసుకుంటే గొడవవుతుంది. 60 కిలోమీటర్ల లైనును మూడు ముక్కలు చేసి అదే నీటిని ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారిస్తే నీటి అవసరం మూడో వంతుకు పడిపోతుంది. చివరికి వదిలే నీటిలో తుప్పు, పైపు పాడవకుండా కలిపిన రసాయనాలు ఉండొచ్చు. వడకట్టి, పరీక్షించి వదలాలి.

ఎప్పుడు తవ్వాలి: క్యాలెండరుతో పేచీ

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్లు. తెరిచిన కందకం ఆ నెలల్లో కాలువైపోతుంది, విడిగా పెట్టిన పైమట్టి కొట్టుకుపోతుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు కట్టేది, పులికాట్ సరస్సుకు రాజహంసలు వచ్చేది కూడా చలికాలంలోనే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో ఒడ్డున రాత్రి లైట్లు వెలిగితే గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు సముద్రం వైపు కాక వెలుగు వైపు పోతాయి. నెల్లూరు మాగాణిలో పెద్ద పంట కోతలు మార్చి, ఏప్రిల్‌లో. సోమశిల జలాశయంలో నీళ్లుంటే వెంటనే ఎడగారు (రెండో పంట) నాట్లు.

ఇవన్నీ ఒక కాగితం మీద గీస్తే మాగాణిలో తవ్వడానికి మిగిలేది కోతకూ ఎడగారుకూ మధ్య కొన్ని వారాలే. కాంట్రాక్టరుకు అది చాలదు, యంత్రాలను నెలల తరబడి ఖాళీగా పెట్టలేడు. ఇక్కడ పనికొచ్చే మార్గం, లైను మొత్తాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసగా కాకుండా, నేలను బట్టి ముక్కలు చేసుకోవడం. మాగాణి కోతల తర్వాత, మెట్ట దాని పంట లేని నెలల్లో, తీరపు ఇసుక తాబేళ్ల కాలం దాటాక. యంత్రాల రవాణా ఖర్చు పెరుగుతుంది, పంట పరిహారం తగ్గుతుంది. ఒకదాన్లోంచి ఒకటి తీసేసి చూస్తే తేడా కంపెనీలు భయపడేంత ఉండకపోవచ్చు.

చట్టం ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ వదిలేస్తుంది

చాలామంది అనుకునేదానికి భిన్నంగా, దేశంలో ప్రతి పైపులైనుకూ ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా పోయే చమురు, గ్యాస్ లైన్లకు ఆ అనుమతి కావాలి. రిఫైనరీకి తప్పనిసరి, ప్రజాభిప్రాయ సేకరణతో సహా. మామూలు పొలాల గుండా పోయే లైనుకు ఆ మెట్టు లేదు. అడవి తగిలితే అటవీ అనుమతి, తీరపు హద్దులో పడితే సీఆర్‌జెడ్ అనుమతి, అభయారణ్యమైతే వన్యప్రాణి బోర్డు. నియంత్రణ బోర్డు నిబంధనలు ముఖ్యంగా భద్రతను చూస్తాయి.

ఇలా చూస్తే పులికాట్ పక్షికి చట్టంలో ఒక గొంతుంది, కందుకూరు వైపు వరి కయ్యకు లేదు. కయ్య యజమానికి మిగిలేది 1962 చట్టంలోని 21 రోజులు. నోటిఫికేషన్ వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. లైను గీతను పక్కకు జరపడానికి చట్టంలో ఉన్న అసలు సమయం అదే. నోటిఫికేషన్ గెజిట్‌లో సర్వే నంబర్ల పట్టికలా వస్తుంది, చదివేవాళ్లు తక్కువ. రాళ్లు పాతాక వచ్చే అభ్యంతరాలు ఎక్కువగా పరిహారం చుట్టూ తిరగడానికి ఇదొక కారణం.

అసలు లైనే వద్దంటే?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలకు చేరతానని 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. ఈ రోజు వేసిన లైను ముప్పై, నలభై ఏళ్లు వాడితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. కాబట్టి లైను వేయడమంటే అన్నేళ్లు గ్యాసో చమురో కాలుస్తామని మాటివ్వడమేనని వీరి వాదన. సహజ వాయువులో ఉండే మీథేన్ లీకైతే, ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుందన్నది కూడా నిజమే.

అవతలి వాదం రోడ్డు మీద కనిపిస్తుంది. ఒక వంటగ్యాస్ ట్యాంకరులో సుమారు 18 టన్నులు పడుతుంది. ఏటా పది లక్షల టన్నులు పంపాలంటే 55 వేలకు పైగా ట్రిప్పులు, అంటే రోజుకు 150 ట్యాంకర్లు. అవన్నీ పోవాల్సింది కావలి, నెల్లూరు మీదుగా పోయే అదే హైవే మీద. అవి కాల్చే డీజిలు, ప్రమాదాలు, ఖాళీగా తిరిగొచ్చే ప్రయాణం అన్నీ కలిపితే, ఇంధనం ఎలాగూ వాడుతున్నంత కాలం పైపే తక్కువ నష్టం. రెండు వాదాలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఎంత ఇంధనం వాడాలన్నది మొదటివారి ప్రశ్న. వాడే ఇంధనం ఎలా చేరాలన్నది రెండోవారిది. రిఫైనరీ వచ్చిన చోట మొదటి ప్రశ్న ఊరి చేతుల్లో ఉండదు, రెండోదాంట్లో మాత్రం ఊరికి కొంత పట్టుంటుంది.

కోలుకుందో లేదో తూకం వేయడం

పని అయ్యాక పట్టీ పచ్చగా కనిపిస్తే పునరుద్ధరణ అయిపోయినట్టే లెక్క వేస్తారు. పచ్చదనం గడ్డికి కూడా ఉంటుంది. పంట దిగుబడి అంచనాకు మన దగ్గర అధికారులు ఎప్పటినుంచో చేస్తున్న పద్ధతి ఒకటుంది. వరి పొలంలో ఐదు మీటర్లు పొడవు, ఐదు మీటర్లు వెడల్పు కొలిచి, ఆ మేరకు కోసి, నూర్చి, తూచడం. దాన్నే ఇక్కడ వాడొచ్చు. పట్టీలో ఒకటి, అదే కయ్యలో పట్టీకి బయట ఒకటి, అదే విత్తనం, అదే నీరు. బయట 15 కిలోలు వచ్చి పట్టీలో 11 వచ్చాయనుకుందాం. పావు వంతుకు పైగా తక్కువ. రెండో ఏడు 13 వస్తే నేల కోలుకుంటున్నట్టు. మళ్లీ 11 దగ్గరే ఆగితే కింద గట్టిపొర అలాగే ఉన్నట్టు, లోతు దుక్కి బాకీ ఉన్నట్టు.

మా మామ కయ్యలో ఎవరూ తూచలేదు. ఆయనే మూడేళ్లు వరసగా జనుము చల్లి దున్నాడు, పక్క చెరువు పూడిక మట్టి ట్రాక్టరుతో తోలాడు. నిరుడు సంక్రాంతికి పోయినప్పుడు గట్టు మీద నిలబడి చూశాను. చార ఇంకా కనిపిస్తోంది కానీ, వెతికితేనే.